కొత్త రూటర్, పాత నంబరు

నిన్న రాత్రి ఉరుముల వానకి మా రూటర్ కాలిపోయింది. ఈ రోజు కొత్తది బిగించినాయన, నెట్ పేరూ, పాస్‌వర్డూ కూడా కొత్తవి పెట్టి వెళ్లాడు. కంప్యూటరుకీ, ప్రింటరుకీ, మా ఆవిడ లాప్‌టాప్‌కీ అవి మార్చేసరికి సాయంత్రమైంది.

కాఫీ గ్లాసు అందుకున్నానో లేదో, పక్కింటి సత్యవతి పిన్నిగారు తన లాప్‌టాప్‌ని పళ్లెంలా రెండు చేతులా పట్టుకుని వచ్చారు. కువైట్‌లో ఉన్న కూతురితో రోజూ మా నెట్ మీదే మాట్లాడతారు.

"అమ్మాయి కనపట్టం లేదు బాబూ. నంబరు గానీ మార్చేసేవా?"

"ఆయ్, కొత్తది పెట్టేరండి."

"మన నంబరు మార్చేటప్పుడు ఓ మాట చెప్పాలి కదా బాబూ!"

మన నంబరు! మా పాత పాస్‌వర్డ్ మా ల్యాండ్‌లైన్ నంబరే. తొంభైల్లో వీధంతటికీ అదొక్కటే ఫోను. గల్ఫ్ వెళ్లిన ప్రతివాళ్లూ ఆ నంబరే రాసుకుని వెళ్లేవారు. ఫోనొస్తే నేను గోడమీంచి కేకేసేవాణ్ణి. పిన్నిగారు తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చేవారు. ఆ ఫోను తీసేసి చాలా కాలమైంది.

పాత పేరూ, పాత నంబరే మళ్లీ పెట్టాను. పిన్నిగారి లాప్‌టాప్‌తో పాటు మా ఇంట్లోవన్నీ వాటంతటవే కలిసిపోయాయి. మధ్యాహ్నమంతా నేను పడ్డ పాట్లు గోదాట్లో కలిసిపోయాయి.

తెరమీద అమ్మాయి కనపడగానే పిన్నిగారి మొదటి మాట: "కంగారు పడకే, మన నంబరు అదే!"

మీ వీధిలో అందరి నంబరూ ఎవరింట్లో ఉండేది?