పసుపు పెట్టిన చేపల తొట్టె

ఆ ఆదివారం పొద్దున తొమ్మిదీ పదికి మా అక్క చేపల తొట్టెలో చెంబెడు నీళ్ళు పోసింది. కొన్ని చుక్కలు తొట్టె కింద పరచిన పేపరు మీద పడ్డాయి. అది నేను చూడలేదు. జరిగిన నష్టమంతా ఆ చూడకపోవడంలోంచే వచ్చింది. ఎంత నష్టమో మీరే తేల్చండి.

ఎనభైల మొదట్లో బాన్సువాడలో ఇంట్లో చేపలు పెంచిన మనిషి, నాకు తెలిసి, మా బావ ఒక్కడే. ఇనుప చట్రంలో బిగించిన అద్దాలు, నీళ్ళు కారకుండా సందుల్లో లప్పం. నాలుగు ఎర్ర చేపలను హైదరాబాదు నుంచి స్టీలు క్యానులో వేసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. నన్నెప్పుడూ అంత జాగ్రత్తగా ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఆ పొద్దున్నే పని మీద బిచ్కుంద వెళ్తూ, లప్పం ఎండి పగులుతోందని, తడి కనబడితే అద్దాలు బిగించే మనిషిని పిలవమని చెప్పాడు.

"నువ్వు చూస్తే చాలుర," అన్నాడు. "బాగు చెయ్యకు."

పేపరు మీద తడి కనబడింది. మనిషిని పిలిచే ముందు ఎక్కడ కారుతోందో నేనే కనిపెట్టాలనుకున్నాను. పొడి పసుపుకు తడి తగిలితే రంగు ముదురుతుంది కదా. వంటింట్లోంచి పసుపు తెచ్చి తొట్టె అంచులన్నిటికీ పూశాను. కొత్తింటి గడపలా తయారైంది. పీట వేసుకుని శాస్త్రవేత్తలా కూర్చున్నాను. అరగంటైనా రంగు మారలేదు.

అప్పుడు పక్కింటి అవ్వ వచ్చింది.

"ఏంది బిడ్డా, చేపలకు పసుపు పెట్టినవ్? మొక్కా?"

ఇక్కడ పాఠకులు నన్ను గమనించాలి. ఉన్న విషయం రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. నాకు బద్ధకమేసింది.

"ఆఁ, మొక్కే అవ్వా," అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. పావుగంటలో ఐదుగురు ఆడవాళ్ళతో, కుంకుమతో, కొబ్బరికాయతో తిరిగొచ్చింది. తొట్టెకు బొట్లు పెట్టారు. అక్క నా వైపు చూసింది. నేను చేపల వైపు చూశాను. కాయ కొట్టడానికి రాయి తెస్తానని లేవబోతే అవ్వ ఆపింది.

"రాయెందుకు బిడ్డా, గీ ఇనుప మూల మంచిగున్నది."

ఒక్క దెబ్బకే పగిలింది. కాయతో పాటు లప్పం కూడా. మూల నుంచి నీళ్ళు దారంలా మొదలై వేలంత లావయ్యాయి. నేను గిన్నెతో చేపలను పట్టి మంచినీళ్ళ బిందెలో వేస్తుంటే, ఆ ఆడవాళ్ళు ఏమాత్రం కంగారు లేకుండా వరసగా దోసిళ్ళు పట్టి, ఆ నీళ్ళు తాగి, తడిచేయి నెత్తికి రాసుకున్నారు. నెల రోజులుగా చేపలు ఈదుతున్న నీళ్ళవి. ఒక్కరూ మొహం చిట్లించలేదు.

బావ వచ్చేసరికి పూజ పూర్తయింది. తడిసిన గచ్చునూ, కొబ్బరి చిప్పలనూ, బొట్లు పెట్టిన ఖాళీ అద్దాలనూ చూశాడు. బిందెలోకి వంగి చాలాసేపు చూశాడు. నాలుగూ ఈదుతున్నాయి.

"కార్తుందార?" అన్నాడు.

"పొద్దున కారలేదు బావా. ఇప్పుడు కార్తుంది."

అవ్వ చెంబులో దాచిన తీర్థం ఆయన చేతిలో పోసింది. అవేం నీళ్ళో ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయన. కళ్ళకద్దుకుని తాగాడు. తర్వాత చెంబు నా వైపు జరిపాడు.

"నువ్వు గూడ తాగుర. మొక్కు నీదే గద."

తాగాను. బతికున్నన్నాళ్ళూ ఎవరేమడిగినా పూర్తి జవాబు చెబుతానని ఆ రుచి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. టైమెంతని అడిగినవాళ్ళకు నా గడియారం ఎవరు కొన్నారో కూడా చెబుతున్నాను.

బావ పోయి ఆరేళ్ళయింది. ఆ ఇంట్లో ఇప్పుడు చేపలు పెంచడం లేదు.