వడ్ల మీద టైరు

పత్రిక డెస్కులో పనిచేసినన్నాళ్లూ రోడ్డు ప్రమాదాల వార్తలు నా చేతి మీదుగానే పోయేవి. లారీ అదుపుతప్పి, ఆటో అదుపుతప్పి, బైకు అదుపుతప్పి. ఆ మాట లేకుండా జిల్లా పేజీ నిండిన రోజు నాకు గుర్తు లేదు. నా మిత్రుడి వార్త అచ్చయ్యేనాటికి నేను ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా కాలమైంది. ఎవరు రాశారో తెలియదు గానీ అందులోనూ అదే మాట ఉంది. సైకిల్ అదుపుతప్పి కింద పడ్డాడని.

ఆయనకు కరీంనగర్‌లో రంగుల దుకాణం ఉండేది. మా ఇంటి వెనక గల్లీలోనే ఇల్లు. రిటైరై నేను ఇంట్లో కూర్చుంటే మోకాళ్లు బిగుసుకుపోతాయని నన్ను సైకిల్ ఎక్కించింది ఆయనే. సన్నటి టైర్ల రోడ్ బైకులు. పొద్దున్నే పెద్దపల్లి తొవ్వ పట్టేవాళ్లం. దుకాణం మూసే రోజైతే మందమర్రి దాకా పోయేవాళ్లం, ఒకసారి చెన్నూరు కూడా చూసొచ్చాం. ఆయన ముందు, నేను వెనక. దారంతా మాట్లాడేవాడు. ఎదురుగాలికి సగం మాటలు నాకు వినపడేవి కావు. వినపడ్డట్టు ఊ కొట్టేవాణ్ని.

ఆయనకున్న పరేషాన్ ఒక్కటే, పంక్చర్లు. తుమ్మ ముల్లు, లారీ టైర్ల నుంచి ఊడిపడ్డ సన్నటి తీగ, మందమర్రి దగ్గరైతే బొగ్గు పెళ్ల. రోడ్డు పక్కన కూర్చుని టూబు తీసి అతుకేసి ఇంటికి చేరేసరికి దుకాణం తెరిచే టైం దాటిపోయేది. ఇంట్లో నాష్తా చల్లారేది. చివరికి ఆయన భార్యే గల్ఫ్‌లో ఉన్న తన తమ్ముడికి చెప్పింది. ఆ తమ్ముడు సెలవు మీద వస్తూ ఒక జత ట్యూబ్‌లెస్ టైర్లు, చిల్లి పడితే పూడ్చేలా వాటిలో పోసే తెల్లటి మందు తెచ్చాడు.

ఎక్కించిన రోజు నేనూ ఉన్నాను. టైరు అంచు చక్రంలో కూర్చునేటప్పుడు ఠప్పుమని చప్పుడైంది. పేలిపోయిందనుకుని ఆమె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆయన చేతిలో తెల్లటి మందు సీసా చూసి, ఇంట్ల చాయ్‌కి పాలు లేవుగాని టైర్లకు పాలు తాపిస్తుండని దెప్పిపొడిచింది. ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ ఆ వాకిట్లోకి పోయినప్పుడల్లా వినపడుతుంది.

టైర్లు నిజంగానే గట్టివి. ముల్లు దిగితే బుస్సుమని తెల్లటి తుంపర కొట్టేది, చక్రం కొన్ని చుట్లు తిరిగేలోపే కారడం ఆగిపోయేది. దిగి చూస్తే చిన్న తెల్ల చుక్క. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేసరికి వెనక టైరు మీద అలాంటి చుక్కలు బాగానే పోగయ్యాయి, మానిన గాయాల మచ్చల్లాగా. నడిమధ్యన రబ్బరు అరిగి చదునైంది గానీ చీలిక మాత్రం లేదు. బొగ్గు లారీల రోడ్డు మీద అంత కాలం నా టూబు టైర్లు ఒక్కటీ ఆగలేదు.

ఒక్క విషయంలోనే మాకు పడేది కాదు. ఈ రకం టైర్లకు గాలి కాస్త తక్కువ పెట్టాలి. అప్పుడే రోడ్డును పట్టుకుంటాయి. టూబు లేదు కాబట్టి తక్కువ గాలికి నలిగి చిరిగేదేమీ ఉండదు. నేను చదివి చెప్పాను. ఆయన వినలేదు. మేమిద్దరం పాల క్యాన్లు కట్టుకుపోయే ఉక్కు సైకిళ్ల కాలం వాళ్లం. బొటనవేలితో నొక్కితే దిగకూడదు, అదీ మా కొలత. ఆయన పంపు కూడా ఆ కాలందే, రెండు కాళ్లతో తొక్కిపట్టి కొట్టేది. గాలి ఎంతుందో చూపే ముల్లు దానికి లేదు. సన్నటి వాల్వుకు ఇత్తడి టోపీ ఒకటి బిగించి దాంతోనే గాలి కొట్టాలి. మెత్తగా పెడితే నీ లెక్కనే నడుస్తదని నన్ను వెక్కిరించి ముందుకు పోయేవాడు. ఆయన వచ్చేసరికి టైర్లు ఎప్పుడూ నిండే ఉండేవి. ఎవరు కొడుతున్నారో నేను అడగలేదు.

ఎండాకాలం కోసే యాసంగి వడ్లు రోడ్ల మీదికి వచ్చిన రోజుల్లో ఒక పొద్దున నాకు జ్వరంగా ఉండి పోలేదు. ఆయన ఒక్కడే పోయాడు. పెద్దపల్లి తొవ్వలో ఒక ఊరు దాటాక మలుపు ఉంటుంది. అక్కడ రోడ్డులో సగం వడ్లు ఆరబోస్తారు, బండ్లు ఎక్కకుండా అంచు పొడవునా రాళ్లు పెడతారు. ముందురోజే ఆ వడ్లు ఎత్తారు. గింజలు కొన్ని మిగిలాయి, రాళ్లూ మిగిలాయి. ఆయన మలుపులో జారాడు. హెల్మెట్ ఉంది గానీ రాయి మెడకు తగిలింది.

భర్త పోయిన ఆడవాళ్లు గడప దాటకుండా పాటించే ఇద్దత్ నెలలు గడిచేదాకా ఆమెను బయటివాళ్లెవరూ చూడలేదు. ఆ తర్వాత కబురు వస్తే వెళ్లాను. ముందు గదిలో ఆయన అన్న కూర్చున్నాడు. సైకిల్ వాకిట్లో గోడకు ఆనించి ఉంది. అన్నకు ఆ సైకిల్ కంటబడితేనే కోపం. గల్ఫ్ టైర్లు తెప్పించకుంటే తన తమ్ముడు బతికేవాడని ఆయన నమ్మకం. లోపల టూబే లేకుంటే టైరు ఎట్ల నిలవడ్తది సార్, ఖాళీ డబ్బా కాదా అని నన్నే సాక్ష్యం అడిగాడు. ఇంటికొచ్చే ప్రతి చుట్టం ముందూ అదే అంటున్నాడట. నేను ఏదో చెప్పబోయాను గానీ ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఆమె తలుపు పరదా అవతల నిలబడి మాట్లాడింది. వార్త ఎవరో చదివి వినిపించారట.

"అదుపుతప్పిందని రాసిండ్రు గదా భాయ్. ఏది తప్పింది? నేను తెప్పించిన టైరేనా?"

ఎన్నో ఏళ్లు ఆ మాట దిద్ది అచ్చుకు పంపినా, నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"మీరు తొక్కి చూడుండ్రి. పట్టు ఉందా, లేదా. గంతే చెప్పుండ్రి నాకు."

సైకిల్ దగ్గరికి వెళ్లి అలవాటుగా వెనక టైరు నొక్కాను. వేలు దిగలేదు. రాయిలా ఉంది. ముందుది నొక్కాను. అదీ అంతే. టూబు ఉన్నా లేకున్నా సన్నటి టైరు వారం పదిరోజులు వదిలేస్తే వడలిపోతుంది. ఆయన పోయి నెలలు గడిచాయి. నేను పరదా వైపు చూశాను.

"రోజూ నేనే గద కొట్టేదాన్ని. ఆయన భుజం లేస్తలేకుండె. అలవాటు పోలే భాయ్. ఫజర్ నమాజు అయినంక, తెల్లారకముందే, చెయ్యి దానికదే పంపు మీదికి పోతది."

వానాకాలం పంట కోతలయ్యాక సైకిల్ తీసుకుని ఆ మలుపుకు పోయాను. వడ్లు ఊరు దాటిన దగ్గర్నుంచే రోడ్డు మీద పసుపుపచ్చగా పరిచి ఉన్నాయి. మలుపు దగ్గర మాత్రం ఆగిపోయాయి. ఒక మనిషి పడుకుంటే పట్టేంత తారు ఉత్తగా వదిలేసి, అవతల మళ్లీ మొదలయ్యాయి. అక్కడ రాళ్లు కూడా లేవు. నేను సైకిల్ దిగి ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఒకామె కాళ్లతో వడ్లు తిరగేస్తూ నన్ను గమనించింది. ఏంది సారూ, తొవ్వ మరిచినవా అంది. సైకిల్ ఎవరిదో చెప్పాను. ఆమె నడక ఆగిపోయింది. ఎందుకొచ్చానో చెప్పాను. టైరు వల్లనా కాదా తెలుసుకోవాలని ఆయన ఇంటామె అడిగిందన్నాను.

"మా వడ్ల మీదనేనా జారింది?" అందామె.

అదే చూద్దామని వచ్చానన్నాను. ఆమె వంగి దోసిట్లోకి గింజలు తీసుకుంది. పరిచిన వడ్ల మీద చూస్తే లాభం లేదనీ, ఎత్తినంక మిగిలిన గింజలు ఆ పొద్దు పల్చగా ఉండెననీ చెప్పింది. ఖాళీకి ఇవతల తారు మీద, ముగ్గు చల్లినట్టు, గింజకూ గింజకూ మధ్య తారు కనిపించేలా చల్లింది. చల్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది.

గాలి కొలిచే మీటరు ఒకటి వెంట తెచ్చుకున్నాను. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంతకు మించవద్దని అచ్చేసిన అంకె దగ్గరికి వచ్చి ఆగింది ముల్లు. ఆయన బరువుకు అంత గాలి అక్కర్లేదు. ముందు అలాగే తొక్కాను, మెల్లగా, ఒక కాలు దించడానికి సిద్ధంగా పెట్టుకుని. గింజల మీదికి రాగానే కాస్త వంచాను. వెనక చక్రం పక్కకు పోయింది. రోడ్డు కాదు, గోలీల మీద నడిచినట్టుంది. తర్వాత గాలి తీసి, వేలికి కొంచెం దిగేలా పెట్టాను. ఆమె మళ్లీ గింజలు చల్లింది. ఈసారి ఇంకాస్త వంగేదాకా పట్టింది. పట్టి, ఆ తర్వాత అదీ జారింది. మోచెయ్యి గీరుకుపోయింది. పచ్చి గింజల వాసన ముక్కుకు తగిలింది. పడ్డ చోటు నుంచి చూస్తే ఆ ఖాళీ జాగా నా తలకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

ఆమె నన్ను లేపుతూ, ఏం తేలిందని అడిగింది. గింజల మీద ఏ టైరూ నిలవదన్నాను. ఆమె తల ఊపింది. గింజలను మళ్లీ ఊడ్చి వడ్లలో కలపలేదు. కాలితో రోడ్డు కిందికి నెట్టేసింది.

ఆ సాయంత్రమే వెళ్లి చెప్పాను. ఈసారి ఆయన అన్నను కూడా కూర్చోబెట్టుకున్నాను. టైరు చీలలేదు, అంచు చక్రం నుంచి ఊడలేదు, గాలి దిగలేదు, మందు కారలేదు, టూబు ఉన్న టైరైనా అక్కడ జారేదే అని ఒక్కొక్కటీ చెప్పాను. ఆయన అన్న టైరును అటూ ఇటూ తిప్పి చూశాడు. తెల్ల చుక్కల మీద వేలు పెట్టి, ఇవన్నీ ముండ్లేనా అని అడిగాడు. అవునన్నాను. నమాజుకు లేచి వెళ్లాడు. ఆ తర్వాత చుట్టాల ముందు ఆయన టైర్ల మాట ఎత్తలేదని తెలిసింది.

ఆమె మాత్రం పరదా దగ్గరే ఉంది.

"గట్టిగ పెట్టి ఒకసారి, మెత్తగ పెట్టి ఒకసారి చూసిననంటిరి గదా. రెండూ ఒక్క తీరే జారినయా?"

ఆమె అడిగింది నన్ను నమ్మి. రెండూ జారాయి, గట్టిది కొంచెం ముందు జారిందన్నాను. ఆయన పోయిన వేగానికి ఆ కొంచెం లెక్కలోకి రాదని కూడా అన్నాను. అది నాకు నిజంగా తెలుసా అంటే తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

"ఆ దినం ఆయన చాలన్నడు భాయ్. ఎదురుగాలి ఉన్నది, గట్టిగుంటె అలుపు రాదని నేనే ఇంకింత కొట్టిన."

రెండూ జారాయి భాబీ అన్నాను మళ్లీ.

"విన్న. రెండు మాటలూ విన్న."

ఆమె వాకిట్లోకి వచ్చింది. చక్రం దగ్గర కూర్చుని పంపు బిగించింది. మలుపు దగ్గర గాలి తీశాను గదా, మళ్లీ నిండుగా కొట్టింది. ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. తర్వాత వాల్వు నొక్కి మెల్లగా వదలడం మొదలుపెట్టింది. బుస్సుమంటూ గాలి చాలాసేపు పోయింది. మధ్యమధ్యలో ఆపి బొటనవేలితో నొక్కి నా వైపు చూసేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ని. మళ్లీ వదిలేది. వాల్వు నుంచి తెల్లటి చుక్కలు ఆమె వేళ్ల మీద పడ్డాయి.

"గింత చాలా?"

చాలన్నాను.

సైకిల్ అమ్మొద్దని, తుప్పు పట్టనీయొద్దని, రోజూ నన్నే తొక్కమని అడిగింది. ఇంటికి మాత్రం తీసుకుపోవద్దంది. అందుకే రోజూ పొద్దున్నే ఆ వాకిలి దగ్గరికే వెళ్తాను. సైకిల్ గేటు లోపల నిలబెట్టి ఉంటుంది. పంపు పక్కనే ఉంటుంది, దాని పిడి ఇంకా వెచ్చగా. పెద్దపల్లి తొవ్వలో నా ముందు ఎవరూ ఉండరు. అయినా ఎదురుగాలి లేచినప్పుడు సగం వినపడీ వినపడని మాటలకు ఊ కొడుతూనే ఉంటాను.

ఎక్కే ముందు టైరు నొక్కి చూస్తాను. చాలా రోజులు నేను చూపించిన కొలతకే ఉంటుంది. గాలి బాగా వీచే పొద్దున మాత్రం కొంచెం గట్టిగా ఉంటుంది. పరదా వెనక ఆమె నిలబడి ఉన్నట్టు తెలుస్తుంది. ఆ రోజు నేనేమీ అనను. గల్లీ మలుపు తిరిగి, ఆ ఇల్లు కనబడని చోట ఆగి, వాల్వు తెరిచి కాస్త గాలి వదిలి పోతాను.