బాపు టాప్ గేరు

మా బాపు వాకిట్లో బండి స్టార్ట్ చేస్తే వీధి మలుపు తిరిగేలోపే నాలుగో గేరులో ఉండేవాడు. టాప్ గేరులో పోతే పెట్రోలు తక్కువ తాగుతుందని ఆయనకు ఎవరో చెప్పారు. ఎంత స్పీడు వచ్చాక ఆ గేరు వెయ్యాలో వాళ్లు చెప్పలేదు, ఈయన అడగలేదు. పక్కన నడిచిపోయే మనిషిని పలకరిస్తూ పోయే వేగంలో కూడా బండి టాప్‌లోనే ఉండేది. అది దడదడ వణుకుతుంటే వెనక కూర్చున్న నాకు పండ్లు టకటక కొట్టుకునేవి.

"బాపూ, గేరు తగ్గియ్యి, ఇంజను కొట్టుకుంటాంది" అనేదాన్ని.

"నీకేం తెల్సు బిడ్డా, పెట్రోలు మిగులుతాంది" అనేవాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మా అన్నది ఇంకో పిచ్చి. హైవే పక్కన కంపెనీలో పని, పోవడం ఆ బండి మీదే. స్పీడు అరవైకి వస్తే చిన్న ఇంజను గొంతు చించుకుంటోందని తన బాధ. చిట్యాల మెకానిక్కుతో ఇంజను దగ్గర చైను తిప్పే చిన్న చక్రం మార్పించాడు. పద్నాలుగు పండ్లది తీసి పదిహేను పండ్లది వేయించాడు. ఒక్క పన్ను పెరిగేసరికి అరవైలో కూడా ఇంజను గొణుక్కుంటూ పోసాగింది. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు మునుపటి బలం లేదు. "గదేం గాదు, ఒక గేరు తగ్గిస్తే సరిపోతది" అన్నాడు అన్న. మా బాపు గేరు తగ్గిస్తాడా!

నా ఇంటర్ లెక్కల పరీక్ష రోజు అన్న బండి మాకు వదిలి, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి డ్యూటీకి పోయాడు. సెంటరు చిట్యాలలో. తొమ్మిది దాటి నిమిషమైనా లోపలికి రానియ్యరు, ఏడాది పోయినట్టే. బాపు బర్రెను పిండి, పాలు పోసొచ్చి బండి తీసేసరికే ఆలస్యమైంది.

ఊరు దాటాక కాలువ వంతెన ఎత్తు వచ్చింది. టాప్‌లోనే ఎక్కబోయాడు. నడుమ దారిలో బండి నాలుగుసార్లు ఎగిరి ఆగిపోయింది. మళ్లీ కిక్కు కొట్టాడు, ఫస్టులో కదిలించాడు, వెంటనే టకటకా నాలుగుకు పోయాడు. మళ్లీ ఆగింది. మూడోసారీ అంతే. ఆయన చేతి గడియారంలో ఎనిమిదీ నలభై. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

"దిగు బాపూ. నేను నడుపుత."

"నువ్వా?"

"అన్న నేర్పిండు. పత్తికట్టె పీకిన చెలకల."

ఈ సంగతి ఆయనకు తెలియదు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గడియారం చూసుకుని దిగి, పరీక్ష అట్ట చంకలో పెట్టుకుని వెనక కూర్చున్నాడు.

ఫస్టులో లాగి, రెండులో వేసి అక్కడే ఉంచాను. బండి పెద్దగా అరిచింది గానీ ఆగకుండా వంతెన ఎక్కింది. దిగువకు వచ్చాక మూడు వేశాను.

"ఇగ టాప్ వెయ్యరాదా" అన్నాడు వెనక నుంచి.

"ఇప్పుడే గాదు బాపూ."

చెలకలో నేను ఎన్నడూ మూడు దాటలేదు. హైవే మీదికి వచ్చి నలభై ఐదు దాటాక, గుండె గట్టి చేసుకుని నాలుగు వేశాను. ఇంజను ఒక్కసారిగా సల్లబడింది. అన్న వేయించిన చక్రానికి అప్పుడు మనసులోనే దండం పెట్టుకున్నాను. యాభై ఐదులో పోతున్నా పండ్లు కొట్టుకోవడం లేదు, నావీ, ఆయనవీ. చిట్యాలలో సెంటరు ముందు బండి ఆపేసరికి తొమ్మిది కావస్తోంది.

గేటు మూస్తున్న మనిషి నన్ను చూసి రెండో తలుపు మూయకుండా ఆగాడు. బాపు చంకలోని అట్ట లాక్కుని ఉరికాను.

పరీక్ష అయ్యి బయటికొస్తే, ఎదురుగా జిరాక్స్ షాపు నీడలో మా బండి కనిపించింది. బాపు అప్పటికే వెనక సీటు మీద కూర్చుని ఉన్నాడు, ముందు సీటు ఖాళీగా వదిలి. నన్ను చూడగానే తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"పా బిడ్డా, ఇంటికి పోదాం. గేరు నీ ఇష్టం."