కుంకమేన్రా అన్నాడు బావ

"మీ కారు ఇంకా కారతందేటి?" అని అడగని మనిషి ఉక్కునగరంలో మా అప్ప వాళ్ళ వీధిలో ఒక్కడూ లేడు. పాలబ్బాయి అడిగేవాడు. బి షిఫ్టుకి ఎళ్ళేవాళ్ళు బండి ఆపి మరీ అడిగేవారు. అడిగి, వాళ్ళ జోకుకి వాళ్ళే పడీ పడీ నవ్వుకునేవారు. మొదట్లో మేమూ నవ్వేం. ఒకే జోకుకి ఆరేళ్ళు నవ్వడం ఎవడి తరం బాబూ? నాలుగో ఏడు వచ్చేసరికి ఆ మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్ప అంటే మా అక్క. మా ఊరు పద్మనాభం వైపు అలాగే పిలుస్తాం. ఆవిడ మొగుడు, అంటే మా బావ, స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. నాను పోర్టులో క్రేన్ల రిపేరు చేస్తాను. రోజూ పద్మనాభం నుంచి బండి మీద వచ్చి పోతుంటాను. వారానికి ఒక ఆఫ్ దొరుకుతుంది. ఆరేళ్ళ ఆఫులన్నీ బావ క్వార్టరు వెనకాల రేకుల కింద, ఆ కారు కింద పడుకునే గడిపేసేను.

అదొకప్పుడు టాక్సీ. దాని ఇంజను ఊడబీకి, అందులో జపాన్ వాళ్ళ రోటరీ ఇంజను పెట్టేడు బావ. ఫోన్లో ఎవరో తెల్లవాడి వీడియో చూసేడు, అంతే, మనిషికి పిచ్చి పట్టేసింది. మామూలు ఇంజన్లో పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకుంటాయి. ఇందులో అవి ఉండవు. మూడు మూలల ఇనప దిమ్మ ఒకటి గ్రైండర్లో రాయిలాగ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. అది చాలదన్నట్టు దానికి టర్బో కూడా తగిలించేం. అంటే ఇంజను వదిలే పొగ ఊపుకి తిరుగుతూ, ఇంజన్లోకి గాలి కుక్కే ఫేను. "ఇశాపట్నం మొత్తమ్మీద ఇలాటిది ఎవుడి దగ్గరా నేదురా" అని మీసం దువ్వేవాడు బావ. ఎందుకు లేదో మాకు తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు.

అది కారని చోటు లేదండీ. ముందు ఇంజను కింద ఆయిలు నిలవుండే చాంబరు దగ్గర కారింది. ఇప్పి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించేం. అక్కడ ఆగింది, టర్బో నుంచి ఆయిలు దిగే గొట్టం దగ్గర మొదలైంది. అదీ ఆగింది, గాలి గొట్టాలు లీకు. ప్లాంటులో గ్యాసు లైన్లకి చేసినట్టే గడ్డం బ్రష్షుతో సబ్బునీళ్ళు రాసి, బుడగ ఎక్కడ లేస్తుందా అని ఇద్దరం ముక్కు ఆనించి చూసేవాళ్ళం. ఆయిలు జాడ పట్టడానికి ఇంజను అడుగంతా మొహానికి రాసుకునే పౌడరు చల్లేవాడు బావ. ఆయిలు ఎటునుంచి వస్తే అటు తడి గీత పడుతుంది. అప్ప పౌడరు డబ్బా కొనడం, అది మాయమైపోవడం. "నా మొకానికి రాసుకోడానికి నేదు గానీ, దాని మొకానికి మాత్రం రోజూ కావాల" అనేది అప్ప. ఉప్పుగాలికి బోల్టులు పట్టేసేవి. ఒక్క బోల్టు విప్పడానికి ఒక ఆఫ్ మొత్తం పోయిన రోజులున్నాయి. ఇంటికెళ్ళి అన్నం ముందు కూచుంటే చెయ్యి లేచేది కాదు. ఎందుకురా ఈ బతుకు అనిపించేది. అయినా వచ్చే వారం మళ్ళీ ఎళ్ళేవాణ్ణి. బావ అంటే నాకు ప్రాణం, అదొక్కటే కారణం.

ఇంతలో బావకి రిటైర్మెంటు వచ్చేసింది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఎళ్ళబోయేది మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. కారు మాటెత్తేసరికి అప్ప నడుం మీద చెయ్యేసుకుని తేల్చి చెప్పింది.

"ఖాళీ సేసే రోజున అది తనంతట తాను నడిసి గేటు దాటాల. దాటితే పద్మనాభంలో మా తమ్ముడు ఈడి షెడ్డులో ఎట్టుకోండి, నాను నోరెత్తను. నేదంటే పాతినుము వోడికి ఇచ్చీయండి. తాడు కట్టి లాక్కెల్తామంటే మాత్రం ఒప్పుకోను. ఆరేళ్ళు సూసేను, ఇంక నావల్ల కాదు."

ఆవిడ తప్పు లేదు. ఆరేళ్ళపాటు మొగుడి మొహం కంటే కారు కింద నుంచి బయటికొచ్చిన కాళ్ళే ఎక్కువ చూసింది పాపం. బావ ఆవిడ నెత్తి మీద చెయ్యేసి ఒట్టేసేడు.

అక్కణ్ణుంచి మాకు తిండి లేదు, నిద్ర లేదు. నాను సెలవు పెట్టేసేను. ఒక్కో గొట్టమే విప్పి, చూసి, బిగించేం. దసరాకి మూడు రోజుల ముందు ఇంజను కింద పేపరు పరిచి పెడితే పొద్దున్నకి ఒక్క చుక్క లేదు. ఒక్క చుక్క! బావ ఆ పేపరు మడతపెట్టి అప్పకి చూపించడానికి లోపలికి పట్టుకెళ్ళేడు. అందులో వార్త ఏదో ఉందనుకుని అప్ప కళ్ళజోడు ఎతుక్కుంది.

ఆయుధపూజ నాడు రేడియేటరులో ఇంజన్ని చల్లగా ఉంచే అసలైన కూలెంటు పోసేం, ఎర్రటిది. అందాకా వట్టి నీళ్ళే పోసి చూసేం. తరవాత బావ స్నానం చేసొచ్చి ఇంజను కవరుకి పసుపు రాసేడు. కుంకం బొట్లు పెట్టేడు, ఒకటీ రెండూ కాదు, టర్బోకి, గొట్టాలకి, ఆఖరికి స్పానర్లకి కూడా. ఇంజను ఒక పది నిమిషాలు తిప్పి, ఆపి, దాని ముందే కొబ్బరికాయ కొట్టేడు. నీళ్ళు సగం బానెట్టు లోపలే పడ్డాయి. ఇద్దరం దండం పెట్టుకున్నాం. నాను దేవుణ్ణి అడిగింది ఒకటే, ఇంక కారకుండా చూడు స్వామీ అని.

మర్నాడు పొద్దున్న పేపరు మీద ఎర్ర మరక ఉంది. అరచెయ్యంత.

బావ వంగి చూసేడు. "కొబ్బరినీల్లకి కుంకం కారిందిరా" అన్నాడు. "కుంకమేన్రా" అన్నాడు మళ్ళీ, ఈసారి నా మొహంలోకి చూసి.

కారు ఒక రౌండు తిప్పుదామని బావ తాళాల కోసం లోపలికెళ్ళేడు. నాను కూచుని మరకలో వేలు పెట్టి, రెండు వేళ్ళ మధ్య రుద్దేను. కుంకం గరుగ్గా ఉంటుంది, వేలికి పట్టుకుని ఓ పట్టాన వదలదు. ఇది సబ్బునీళ్ళలా జారుతోంది. కుళాయి కింద పెడితే ఒక్క క్షణంలో పోయింది. చేతిలో ఎరుపు మిగల్లేదు.

అది కూలెంటేనని నాకు తెలిసిపోయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ క్షణానే తెలిసిపోయింది. ఆరేళ్ళుగా "బావా, కారతంది" అని చెప్పే పాపిష్టి నోరు నాదే. చెప్పిన ప్రతిసారీ ఆ మనిషి మొహం ఎలా వాడిపోయేదో నాను చూసేను. ఆ రోజు ఇంకోసారి చెప్పలేకపోయేను. అలసిపోయేను కూడా. ఇంకో బోల్టు విప్పే ఓపిక నా ఒంట్లో లేదు. దేవుడున్నాడు, ఒక్క రౌండుకి ఏటవుతుందిలే అనుకున్నాను. చేతులు ప్యాంటుకి తుడుచుకుని లేచేను.

బావ తాళం తిప్పేడు. కారు కదిలింది. క్వార్టరు గేటు దాటి వీధిలోకి వచ్చేసరికి జనం గుమ్మాల్లోకి వచ్చేసేరు. పిల్లలు వెంట పరిగెత్తేరు. బావ తొక్కితే టర్బో ఈల వేసింది, నా వీపు సీటుకి అతుక్కుపోయింది. "వేడి ముల్లు సూడ్రా, కదల్లేదు!" అని అరిచేడు బావ. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. ముల్లు ఎందుకు కదుల్తుంది? దానికి వేడి తెలియాలంటే లోపల నీళ్ళుండాలి కదా. ఇంజను ఊపుకి లీకు పెద్దదై నీళ్ళన్నీ రోడ్డు మీదే ఉన్నాయి.

సెక్టారు చివర మలుపు తిరిగేం, అంతే. బానెట్టు కింద నుంచి తెల్లగా ఆవిరి లేచింది. ఏదో ఠప్‌మంది. బావ ఆపేసేడు గానీ అప్పటికే అయిపోయింది. వేడికి ఇంజను పలకలు వంకరపోయేయి, మధ్యలో నీళ్ళని ఆపే రబ్బరు రింగులు కాలిపోయేయి. ఆ సామాను ఇక్కడ దొరకదు. ఎక్కణ్ణుంచో తెప్పిద్దామన్నా ఖాళీ చెయ్యడానికి తొమ్మిది రోజులే ఉంది. నలుగురం తోసుకుంటూ మళ్ళీ క్వార్టరు వెనక రేకుల కిందకే తెచ్చేం. ఆ రోజు కారతందేటని ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం నాను ఒక్కణ్ణే లైటు వేసి ఎతికేను. కారింది టర్బోకి నీళ్ళెళ్ళే గొట్టం దగ్గర రాగి వాషరు నుంచి. గొట్టం విప్పినప్పుడల్లా పాతది తీసి కొత్తది వెయ్యాలి, కూలెంటు పోసేటప్పుడు విప్పి మేం పాతదే బిగించేం. పూర్ణా మార్కెట్ నుంచి నాను తెచ్చిన కొత్త వాషరు పొట్లంలో అలాగే ఉంది. ఐదు నిమిషాల పని. పొద్దున్న ఒక్క మాట అనుంటే ఐదే ఐదు నిమిషాల పని. అక్కడే చతికిలబడి ఏడ్చేను.

ఖాళీ చేసిన రోజు పాతినుము లారీ వచ్చింది. బావ మొహం చూసి అప్పే దిగొచ్చింది. "పోన్లెండి, తాడు కట్టి లాక్కెల్లండి, నానేటీ అనను" అంది. బావ తల అడ్డంగా ఊపేడు. "సచ్చిపోనాదే. లాక్కెల్లి ఏటి సేత్తాం?" అన్నాడు.

చైనుకి తగిలించి కారుని పైకెత్తేరు. అప్ప కొంగుతో కళ్ళు తుడుచుకుని అంది, "అంతా బాగుందన్నారు. సుక్క కూడా కారలేదని పేపరు సూపించేరు. మరి ఎలగయినాదిది? ఎవులూ సూసుకోలేదా?"

నాను నోరు తెరిచేను. ఈ లోపే బావ అందుకున్నాడు.

"ఆడు సెప్పేడే. కారతంది బావా, ఇవాల తియ్యొద్దని సెప్పేడు. నానే ఇన్లేదు."

నాను బావ వైపు చూసేను. బావ నా వైపు చూడలేదు, చైను వైపే చూస్తున్నాడు. ఆ రోజు నాను వేళ్ళు రుద్దుకోవడం, కుళాయి దగ్గరికి ఎళ్ళడం, అన్నీ గుమ్మంలోంచి చూసేడని అప్పుడు అర్థమైంది.

అప్ప బావని నానా మాటలూ అంది. తల వంచుకుని పడ్డాడు. ఆఖర్న నా వైపు తిరిగి, భుజం మీద చెయ్యేసి, "నువ్వేటి సేత్తావులేరా, సెప్పేవు కదా" అంది.

నాను ఔనన్నట్టు తలూపేను.