నాన్న బెదరని దెయ్యాలు

కంప్యూటర్ గేముల్లో వచ్చే దెయ్యాల్లో ఏది ఎక్కువ భయంకరమైనదో తేల్చాలని అన్నయ్యకీ నాకూ ఓ ఏడాదంతా గొడవ. చదువు సంధ్యలు లేవా అంటే, ఉన్నాయి. నేను ఇంటర్, వాడు ఇంజినీరింగు. ఆ ఇంజినీరింగు పేరు చెప్పే ఇంట్లో కంప్యూటర్ కొనిపించాడు. వారం తిరక్కుండా చదువు సీడీలు అటకెక్కాయి, గేముల సీడీలు బల్లెక్కాయి. మద్దిలపాలెం బస్సు డిపో పక్క సందులో ఒకాయన వాటిని కాపీ కొట్టి అమ్మేవాడు. పైన బొమ్మా ఉండదు, పేరూ ఉండదు. మార్కరుతో 'దెయ్యాలది, కొత్తది' అని రాసిస్తే అదే పేరు. అందుకే వాటి అసలు పేర్లు నాకు ఈనాటికీ తెలీవు. మేం పెట్టుకున్నవే ఖాయమైపోయాయి.

అంతకుముందు, తొంభైల్లో, టీవీకి తగిలించే కేసెట్ గేము ఆడేవాళ్ళం. దాంట్లోనూ రాక్షసులుండేవాళ్ళు గానీ, పాపం, నాలుగు చుక్కల మొహాలు. వాడు కోపంగా ఉన్నాడో ఆవలిస్తున్నాడో కూడా తెలిసేది కాదు. వాడి చేతిలో చస్తే ఏడుపొచ్చేది తప్ప భయం వేసేది కాదు. భయమంటే ఏటో కంప్యూటరొచ్చాకే తెలిసింది.

మొదటివాడు కొమ్ములోడు. నేలమాళిగ తలుపు తీయగానే ఎదురుగా నిలబడి గాండ్రిస్తాడు. మొదటిసారి నేను మౌసు వదిలేసి మంచమెక్కేశాను. అయినా వాడితో ఒక సుఖం ఉంది, ఎక్కడుంటాడో తెలిసిపోతుంది. నాలుగైదుసార్లు చచ్చాక మనింటి చుట్టమైపోతాడు. రెండోది నీళ్ళలోది. మోకాల్లోతు నీళ్ళున్న సొరంగంలో నడుస్తుంటే వెనకాల నీళ్ళు కదుల్తాయి. తిరిగి చూస్తే ఏమీ ఉండదు. అన్నయ్య ఓటు దానికే. "దాన్ని చంపడానికి గేములో ఆయుధమే పెట్టలేదే. చంపలేనిదాన్ని మించిన భయం ఇంకేటుంటాది?" అనేవాడు.

నా ఓటు చక్రాల కుర్చీకి. అదో పాడుబడ్డ ఆసుపత్రి. పొడుగు వరండా, చేతిలో చిన్న టార్చి. ఎక్కడో ఓ చక్రం కిర్రుమంటుంది, సన్నగా, తుప్పు పట్టినట్టు. మనం ఆగితే అదీ ఆగుతుంది. నడిస్తే మళ్ళీ కిర్రు. కుడి స్పీకర్లో వినిపిస్తే ఎడమకి పరిగెత్తాలి, ఎడమలో వినిపిస్తే కుడికి. కాస్త పరాగ్గా ఉన్నామా, మొహంలేని మనిషొకామె కుర్చీతో సహా మన భుజం మీదికి వాలిపోతుంది. ఆ కిర్రు మొదటిసారి విన్న రోజు, స్నానాల గదిలోకి వెళ్తూ అమ్మని తలుపు బయట కాపలా పెట్టుకున్నాను. అంత పెద్ద పిల్లని, సిగ్గన్నా లేదు.

"కళ్ళు మూసుకుంటే నీ నీళ్ళ దెయ్యం లేదు. చెవులు మూసుకుంటే నా కుర్చీ ఆగుతుందా? వస్తూనే ఉంటుంది, వస్తోందని మనకి తెలీదు, అంతే" అని నేను. "నీ మొహం" అని వాడు. ఇలా కొట్టుకునేవాళ్ళం.

ఈ దెయ్యాలకి లొంగని మనిషి మా ఇంట్లో ఒక్కడే, నాన్న. ఎలమంచిలి పక్క పల్లె నుంచి వచ్చి, గాజువాక అవతల ఒక ఇనప కడ్డీల మిల్లులో పనికి కుదిరినవాడు. ఆదివారాలు మా పక్కనే కుర్చీ వేసుకుని, ఉడకబెట్టిన శనక్కాయలు ఒలుచుకుంటూ ఆట చూసేవాడు. మేం కెవ్వుమంటే ముందు మా మొహాలు చూసి, తర్వాత తెర చూసి, "దీనికేటే బయం? రంగుబొమ్మ కాదేటి!" అని నవ్వేవాడు. కుర్చీలో మనిషి మీద పడ్డా ఒక్కసారి ఉలిక్కిపడింది లేదు. మా నాన్న గుండె ఇనుం అని నేను కాలేజీలో డప్పు కొట్టుకున్నాను.

అమ్మకి మాత్రం ఆ గొప్ప ఆనేది కాదు. "పది కేకలేత్తే ఒక్కదానికి పలకడు. సెవిటోడి ముందర శంకం ఊదినట్టే" అని వంటింట్లోంచి గొణిగేది. ఏ ఇల్లాలు అనదు ఆ మాట? లారీ హారను మోగితే నాన్న తిరిగి చూసేవాడు. గాలికి తలుపు దభాలుమంటే "ఏటది?" అనేవాడు. ఇంక అనుమానం ఎవరికొస్తుంది?

మావయ్య కూడా నాన్నంత ధైర్యవంతుడు లేడనే అనేవాడు. మావయ్యంటే అమ్మకి అన్న. ఇద్దరిదీ ఒకే మిల్లు, ఒకే షిఫ్టు. మావయ్య పైన క్రేను నడిపేవాడు. నాన్న కింద యార్డులో నిలబడి కడ్డీల కట్టకి ఇనప తాళ్ళు తగిలించి, లేపమనో దింపమనో చేత్తో సైగ చేసేవాడు. ఆ రొదలో నోటిమాట పనికిరాదు, అంతా చేతులతోనే. కట్ట మనుషుల మీదుగా వెళ్ళేటప్పుడు మాత్రం మావయ్య పైనుంచి గంట కొడతాడు, కిందవాళ్ళు తప్పుకోవాలి. "అందరూ గంట ఇని పరిగెడతారే. మీ నాన్న మాత్రం పెళ్ళికొడుకులాగ నిదానంగా తప్పుకుంటాడు. ఓ రోజు నాను కొడతానే ఉన్నాను, కదల్డు! బ్రేకేసేసి, దిగొచ్చి బూతులు తిట్టాను. నవ్వుతాడు!" అని మావయ్య తొడ కొట్టి మరీ చెప్పేవాడు. మేం కూడా నవ్వేవాళ్ళం.

ఓ ఆదివారం మధ్యాహ్నం మావయ్య భోజనానికొచ్చాడు. తిన్నాక దెయ్యాల గొడవ మళ్ళీ లేచింది. ఇవాళ తేలిపోవాలన్నాను. పందెం నేనే పెట్టాను. కళ్ళకి తువ్వాలు కట్టుకోవాలి, దెయ్యం చప్పుడు ఒక్కటే వినిపిస్తాం, ఎవరు దేనికి ఎక్కువ అదిరితే ఆ దెయ్యం గెలిచినట్టు. అన్నయ్య స్పీకర్లు చివరిదాకా పెంచాడు.

ముందు మావయ్య. కుర్చీ కిర్రుమనగానే "ఓలమ్మో!" అని తువ్వాలు పీకేసి లేచిపోయాడు. క్రేనెక్కే మనిషి! అమ్మయితే మధ్యలోనే "ఈ దిక్కుమాలిన సప్పుడేట్రా, ఇంట్లో దీపం పెట్టేదాన్ని నాను" అని అందర్నీ కలిపి తిట్టింది. కుర్చీ గెలుస్తోందని నాకు పట్టరాని సంతోషం.

తర్వాత నాన్న. నడుం నిటారుగా పెట్టి కూచున్నాడు. తువ్వాలు నేనే కట్టాను. కొమ్ములోడు గాండ్రించాడు. "పులి కాదేటి ఇది?" అన్నాడు నాన్న. అందరం నవ్వాం. తర్వాత కుర్చీ పెట్టాం. కిర్రు. కిర్రు. కుడి వైపు, ఎడమ వైపు, ఇంకా దగ్గరికి. వింటున్న నాకే చేతుల మీద రోమాలు లేచాయి. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చిన్నగా నవ్వుతూ, ఎదురు చూస్తున్నాడు.

"ఏటర్రా, ఇంకా పెట్టలేదేటి?" అన్నాడు.

మావయ్య పగలబడి నవ్వాడు. "సూసావా ధీమా! మా బావంటే బావే!" అన్నాడు. అన్నయ్య కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. అది నిజంగా అడిగిన ప్రశ్న.

నేను ఆట ఆపేశాను. గదిలో చప్పుడు పోయింది. వెనక నిలబడి "నాన్నా" అన్నాను. పలకలేదు. కాస్త గట్టిగా "నాన్నా" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఆయన అలాగే నవ్వుమొహంతో, ఆ తువ్వాలు కింద, దెయ్యం కోసం కాచుకుని ఉన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏ వరండాలోనూ, ఏ సొరంగంలోనూ నాకంత భయం వేయలేదు.

మావయ్య నవ్వు ఆగిపోయింది. బల్ల మీది స్టీలు గ్లాసు తీసుకుని, నాన్న చెవి పక్కనే పెట్టి, చెంచాతో కొట్టాడు. టింగు, టింగు, టింగు. సరిగ్గా పైనుంచి గంట ఎలా కొడతాడో అలాగే. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. నాన్న తల తిప్పలేదు. మావయ్య మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

ఎవరో ఒకరు తువ్వాలు విప్పాలి కాబట్టి నేనే విప్పాను. నాన్న మా మొహాలు చూశాడు, మావయ్య చేతిలో గ్లాసు చూశాడు. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఎన్నాళ్ళయింది బావా?" అన్నాడు మావయ్య, నాన్న మొహానికి ఎదురుగా వచ్చి.

"సన్న సప్పుళ్ళే. లావు సప్పుళ్ళు బాగానే ఇనబడతాయి" అన్నాడు నాన్న. అది నిజమే. గంటలూ, ఈలలూ, ఆడపిల్లల గొంతులూ, అలాంటివే ముందు పోతాయని తర్వాత చెవుల డాక్టరు చెప్పాడు. మా మాటలన్నీ ఇన్నాళ్ళూ ఆయన సగం విని, సగం మా పెదాలు చూసి పోల్చుకుంటున్నాడన్నమాట.

"మరి గంట?"

"గంటెందుకు? నేల మీద కట్ట నీడొత్తాది కదా. నీడ సూసి తప్పుకుంటన్నాను."

మావయ్య నేల మీద కూలబడ్డాడు. "నీడ సూసి... ఓర్నాయనో! నువ్వు ఇంటన్నావనుకుని నాను నీ నెత్తి మీద ఇనుం తిప్పుతున్నాను కదరా!" అని తల కొట్టుకున్నాడు. ఎప్పుడూ నాన్నని 'ఏరా' అని పిలిచింది లేదు. అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "రేపట్నించి మిల్లుకెళ్ళొద్దు నాన్నా" అని అరిచాను, ఆయనకి వినబడేలా. ఆయన ఒక్క కసురు కసిరాడు. "నోర్ముయ్యి. ఎల్లకపోతే నీ సదువెవడు సదివిత్తాడు?"

తర్వాత నాన్న మావయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "సెప్పకు బావా. సెవులు లేవని తెలిత్తే గేటు బయటికి పంపించేత్తారు. ఈ వయసులో నన్నెవడు పెట్టుకుంటాడు? నీ సెల్లెలి మీద ఒట్టు, సెప్పకు." ఆఖరికి మావయ్య "సెప్పను" అన్నాడు. ఆ మాటకి నాకు మావయ్య మీద పట్టరాని కోపం వచ్చింది.

సోమవారం పొద్దున్న ఇద్దరూ ఎప్పట్లాగే బస్సెక్కారు. నేను కాలేజీకి వెళ్ళలేదు. ఫోను కింద ఇంటిగలవాళ్ళకి ఉండేది. అది మోగినప్పుడల్లా అమ్మా నేనూ ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయేవాళ్ళం. ఇంటావిడ "హలో" అన్నాక, అది మాకు కాదని తెలిశాక, ఊపిరి తీసుకునేవాళ్ళం. అన్నం వండింది గానీ ఎవరం తినలేదు. కంప్యూటర్ వైపు చూడాలంటేనే అసహ్యం వేసింది. ఇంటి ముందు నించి ఎవరు పరిగెత్తినా మా ఇంటికే వస్తున్నారనుకున్నాను.

షిఫ్టు దిగే వేళ ఇంకా కాలేదు. గేటు చప్పుడైంది. నాన్న, వెనకాల మావయ్య. ఇద్దరి ఒంటి మీదా ఒక్క గాయం లేదు. అమ్మ ఇద్దర్నీ పైనుంచి కిందికి తడిమి చూసి, అక్కడే మెట్ల మీద కూచుండిపోయింది.

"తీసేశారా?" అని అడిగాను.

"తియ్యలేదు. యార్డులో వద్దన్నారు. కట్టలకి కొలతలు రాసిన రేకుబిళ్ళలు కట్టే షెడ్డుకి మార్సారు. పని తక్కువ, కూలీ తక్కువ" అన్నాడు మావయ్య.

"నువ్వు చెప్పేశావా మావయ్యా?"

"నాను సెప్పలేదమ్మా. ఒట్టేయించుకున్నాడు కదా." మావయ్య నాన్న వైపు చూశాడు.

చెప్పింది నాన్నే. అదెలా జరిగిందో ఆయన గోడకానుకుని కూచుని, అలవాటైన పెద్ద గొంతుతోనే చెప్పాడు. పొద్దున్న మొదటి కట్టకి తాళ్ళు తగిలించి సైగ చేశాడట. కట్ట లేచింది, మీదికొచ్చింది, అక్కడే ఆగిపోయింది. మావయ్య ముందుకీ పోనివ్వడు, దించడు. నాన్న సైగ మీద సైగ చేస్తున్నాడు. యార్డంతా నిలిచిపోయింది, సూపర్వైజరు అరుస్తున్నాడు. అప్పుడు నాన్న తలెత్తి పైకి చూశాడు.

"ఇన్నాళ్ళూ నీడే సూసాను గానీ, కట్ట మీదున్నప్పుడు పైకెప్పుడూ సూడలేదే" అన్నాడు. "మీ మావ క్రేను గది అద్దం కాడికొచ్చి నన్నే సూత్తన్నాడు. రెండు సేతులూ ఊపుతున్నాడు, తప్పుకో తప్పుకో అని. ఏడుత్తన్నాడు. ఆ మొకం సూసాక నాకు బయమేసిందే. ఎలగో పక్కకొచ్చేసి, ఆ సూపర్వైజరు బాబుతో, నాకు గంట ఇనబడదు బాబూ అని సెప్పేసాను."

అమ్మ టీ తెచ్చి ఇచ్చింది. నాన్న గ్లాసు అందుకున్నాడు గానీ చేతులు వణికి సగం లుంగీ మీద ఒలికిపోయింది. అమ్మ పక్కన కూచుని, గ్లాసు తనే పట్టుకుని, చిన్నపిల్లాడికి పట్టినట్టు తాగించింది.