భోపాల్‌పట్నంలో పసుపు రాసిన ఇనుప డబ్బా

మా పిన్ని కూతురు రమకు ఏడో నెల. గాజులు తొడిగి, రెండు రోజులు దగ్గరుండి వద్దామని రాష్ట్ర సరిహద్దు అవతలి భోపాల్‌పట్నం బయల్దేరాను. వరంగల్‌లో ఆరింటి బస్సెక్కితే తొమ్మిదిన్నరకు ఏటూరునాగారం. అక్కడి నుంచి షేరు జీపుకు నూట యాభై. “ఇంకో సవారీ రానియ్యిండ్రి మేడం, బండి నిండంది కదల్తదా?” అంటూ డ్రైవరు అరగంట నిలబెట్టాడు. గోదావరి వంతెన మీద గాలి తగిలాక గానీ నా కోపం తగ్గలేదు.

రమ భర్త శ్రీనుది మెయిన్ రోడ్డు మీద కబాడీ దుకాణం. పాత ఇనుము కొంటాడు. రమ కాటా పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆ మూల చల్లగా ఉంటుందట, కొన్నాళ్లుగా అదే ఆమె చోటు. శుక్రవారం కదా, కాటాకూ తూకపు రాళ్లకూ పసుపు రాసి బొట్లు పెట్టింది. కాళ్ల దగ్గరున్న బిందెంత ఇనుప డబ్బాకూ పసుపు దండిగానే దక్కింది. ముచ్చటపడి వంగి చూశాను. పసుపు కింద పసుపు రంగు చీటీ, దాని మీద మూడు నల్ల రెక్కలు, నడిమి చుక్క మీద కుంకుమ.

రేడియోధార్మికత ఉందని హెచ్చరించే గుర్తు అది. నా ఉద్యోగమే దానితో. ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో వాడే రేడియోధార్మిక పదార్థం దారి తప్పకుండా, జనాన్ని చంపాలనుకునేవాళ్ల చేతికి చిక్కకుండా చూడటానికి చాలా దేశాలు కలిసి పనిచేస్తున్నాయి. అందులో నా వంతు, పాత ఇనుము వ్యాపారులకు ఈ గుర్తు నేర్పడం.

రమ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. శ్రీను వెనకే వచ్చాడు.

“ఏంది వదినా, పంకా బొమ్మకే గింత భయమా? లారీ సామాన్ల వచ్చింది. మస్తు బరువుంది, లోపట సీసం ఉన్నట్టుంది. రేపు కోయిద్దామనుకున్న.”

“దాని జోలికి పోయావంటే నీకూ నాకూ మాటల్లేవు” అన్నాను.

నేను ఫోను చెయ్యగానే పోలీసులు వచ్చి దుకాణం చుట్టూ తాడు కట్టారు. రేడియోధార్మికత కొలిచే మీటర్లతో అధికారుల బృందం బయల్దేరిందని చెప్పారు. మేం ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాం. హోటలామె అడగకుండానే పెరుగన్నం కలిపి తెచ్చింది. రమ ముద్ద ఎత్తలేదు.

“అక్కా, బిడ్డకేమన్న అయితదా?”

“తెలియదమ్మా. మీటరు చూస్తేనే చెప్పగలం.”

“నేనే దానికి బొట్టు పెట్టిన” అంటూ ఏడ్చింది. తల ఒళ్లో పెట్టుకుని జుట్టు నిమురుతూ కూర్చున్నాను.

సాయంత్రానికి మీటర్లవాళ్లు వచ్చారు. డబ్బా మూత చెక్కుచెదరలేదు. స్టూలు దగ్గర మీటరు దాదాపు రోడ్డు మీద చూపినంతే చూపింది. బిడ్డకు భయం లేదని అధికారిణి హిందీలో చెప్పింది. రమకు హిందీ నాకన్నా బాగా వచ్చు. అయినా నా వైపు తిరిగి, “నువ్వు తెలుగుల చెప్పు అక్కా” అంది. చెప్పాను. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

డబ్బా ఎవరిదో, ఏ దారిన వచ్చిందో తేలాలి. అవసరమైతే దాని మీదున్న నంబరు ఇతర దేశాలకూ పంపుతారట. మా సమావేశాల్లో ఎప్పుడూ పెద్ద నగరాలకు వచ్చే ముప్పు గురించే మాట్లాడుకుంటాం. ఇకమీదట నా కళ్ల ముందు రమే ఉంటుంది. మీరూ ఎక్కడైనా పాత సామాన్లలో మూడు రెక్కల గుర్తు చూస్తే ముట్టుకోకండి, తుడవకండి. అందరినీ దూరంగా పంపి పోలీసులకు ఫోను చెయ్యండి. అక్కడ కడుపుతో ఉన్న మనిషి కూర్చుని ఉంటే మాత్రం అందరికన్నా ముందు ఆమెను లేపండి.