మేనకోడలి మణికట్టు

కొలతల విషయంలో మన టైలరుకి ఎదురు చెప్పి బతికి బట్టకట్టినవాడు లేడు. మనిషి గుమ్మంలోకి రాగానే నడుమెంతో, భుజమెంతో చూపుతోనే చెప్పేస్తాడు. టేపు చుట్టేది వచ్చినవాళ్ల తృప్తికోసమేనంటాడు. ఆ గర్వమే ఆయన కొంప ముంచింది.

అక్క కూతురికి ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చిందన్న సంగతి ఆయనకి ఎవరో చెబితే తెలిసింది. తోడబుట్టిన అక్క, ఉండేది ఒకే ఊళ్లో, అయినా రాకపోకల్లేవు. కారణం చెబితే నవ్వుతారు. తను కుట్టిన ప్యాంటు బావకి పొట్టిదైందని అక్క పదిమందిలో వేళాకోళం చేసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుని, ఏళ్ల తరబడి ఆ గడప తొక్కలేదు మహానుభావుడు. ఇప్పుడీ ఉద్యోగం వంకతోనైనా అక్క మళ్లీ లోపలికి రమ్మంటుందేమోనని ఆశ పుట్టింది. ఉత్తచేతులతో ఎలా వెళ్తాడు? నాలుగు కాలాలపాటు నిలిచే మంచి వాచీ కొనాలనుకున్నాడు.

షాపులో వాచీలన్నీ బయటికి తీయించి, చివరికి స్టీలు గొలుసుది ఒకటి ఏరుకున్నాడు. తెల్లటి డయలు, సన్నటి ముళ్లు, నీళ్లు పడినా చెక్కుచెదరదట.

"అమ్మాయిని తీసుకురండి. చేతికి పెట్టి చూసి లింకులు తీద్దాం," అన్నాడు షాపతను.

"కొలతల గురించి నాకే చెబుతున్నావా బాబూ? తాతకు దగ్గులు నేర్పినట్టుంది. నా చేతుల మీద పెరిగిన పిల్ల. ఇదిగో, ఇంత," అని వేళ్లతో చుట్టి చూపించాడు.

షాపతను లింకులు ఊడదీసి, "ఇవి దాచుకోండి, పనికొస్తాయి," అన్నాడు.

"ఎందుకూ? చెత్తబుట్టలో పడెయ్యి."

వాచీ పట్టుకుని వెళ్తే అక్క తలుపు తీసి చూసి, "లోపలికి రారా," అంది. ఆ ఒక్క మాటకే ఆయన కళ్లు చెమర్చాయి. బావ కుర్చీ జరిపాడు. లోపలి గదిలోంచి మేనకోడలు వచ్చింది. తల్లికంటే పొడుగైంది, ఒళ్లూ చేసింది. వాచీ చూసి మొహం చేటంత చేసుకుని చెయ్యి చాపింది. ఆయన తొడగబోతే గొలుసు కొసలు కలవలేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, బిగించి లాగాడు. పిల్ల చెయ్యి ఎర్రగా కందింది.

"ఇది బడిపిల్ల చేతి కొలత కదరా," అంది అక్క. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేది, పోట్లాడైనా బయటపడేవాడు.

నిజమే. బడిసంచి మూల పడేసి, మిషను తొక్కుతానని మారాం చేసిన పిల్ల చేతినే ఆయన ఇన్నాళ్లూ గుర్తుపెట్టుకున్నాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తలెత్తలేక వాచీ వంకే చూస్తూ గొణిగాడు.

"నిన్ను చూసి ఎన్నాళ్లో అయింది కదమ్మా. అందుకే ఇలా అయింది. రాకపోవడం నాదే తప్పు."

"మొన్నామధ్య మీ షాపుకొచ్చాను మామయ్యా," అందా పిల్ల. చిన్నప్పుడు నువ్వు అనేది, ఇప్పుడు మీరు అంటోంది. "డ్యూటీ చొక్కా చేతులు బిగుతైతే వదులు చేయించుకోవడానికి. నా మణికట్టుకి టేపు చుట్టింది మీరే. మామయ్యా అందామని నోరు తెరిచాను. మీరు తలెత్తకుండానే 'తర్వాత ఎవరమ్మా' అన్నారు."